మూడులో ‘డు’ దగ్గర: వాల్ట్జ్ నేర్చుకునేవారికి కొన్ని మాటలు

ప్రతి ఏడూ మన బడి సావనీర్‌లో శతక పద్యాల మీద ఒక వ్యాసం, ఉగాది పచ్చడి మీద ఒక వ్యాసం, పిల్లల ఇండియా ప్రయాణ కబుర్లు తప్పకుండా ఉంటాయి. వాటి మధ్య వాల్ట్జ్ అనే దొరల నాట్యం గురించి ఇన్ని పేజీలు చూసి కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. కారణం చెప్తాము. మన బడి మొదటి బ్యాచ్‌లలో అ ఆ ఇ ఈ దిద్దిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో కుదురుకుని పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. పొద్దున జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. సాయంత్రం హోటల్ హాల్లో రిసెప్షన్. అక్కడ కొత్త జంట మొదటి డాన్స్ చేస్తారు. తర్వాత డీజే మైకు పట్టుకుని తండ్రీకూతుళ్ళను పిలుస్తాడు, ఆ తర్వాత తల్లీకొడుకులను. మూడు వందల మంది చూస్తుండగా, పాతికేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చున్న నాన్నగారు ఫ్లోర్ మధ్యకు వెళ్ళి, పాట అయ్యేదాకా గోడ గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగి వచ్చేస్తారు. కూతురు నవ్వుతూనే ఉంటుంది, పాపం. ఆ నాలుగు నిమిషాలు వీడియోలో జీవితాంతం ఉంటాయి.

అందుకని కిందటేడు మన తల్లిదండ్రుల్లో ఆరు జంటలం, హైస్కూల్ పిల్లలు నలుగురు కలిసి మా కౌంటీ రిక్రియేషన్ సెంటర్‌లో పది వారాల వాల్ట్జ్ క్లాసులో చేరాము. అడుగులు మొదటి రోజే వచ్చేస్తాయి. అవి ఆరే ఆరు. మిగతా తొమ్మిది వారాలూ పట్టేది వేరే విషయానికి: ఆ అడుగు ఎప్పుడు వెయ్యాలి, వేసేటప్పుడు ఒళ్ళు మన స్వాధీనంలో ఎలా ఉండాలి అన్నదానికి. టైమింగ్, కంట్రోల్ అని టీచర్లు రెండు మాటలుగా చెప్తారు కానీ, అవి రెండూ ఒకే చోట కలుస్తాయని మాకు అర్థమైంది. ఆ చోటు ఏదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు కాస్త పుట్టుపూర్వోత్తరాలు. వాల్ట్జ్ అన్న పేరు జర్మన్ భాషలో దొర్లడం, గుండ్రంగా తిరగడం అనే అర్థమున్న వాల్ట్‌సెన్ అనే క్రియ నుంచి వచ్చింది. ఆస్ట్రియా, బవేరియా పల్లెల్లో లెండ్లర్ అని మూడు దెబ్బల తాళంలో జంటలు తిరిగే జానపద నాట్యం ఉండేది. వాల్ట్జ్ ఆ కుటుంబంలోది. 18వ శతాబ్దం చివరికి అది వియన్నా నగరంలోని పెద్ద హాళ్ళకు చేరింది. నెపోలియన్ ఓడిపోయాక యూరప్ సరిహద్దులు మళ్ళీ గీయడానికి 1814-15లో రాజులూ మంత్రులూ వియన్నాలో సమావేశమైనప్పుడు పగలు చర్చలు, రాత్రి నాట్యాలు సాగాయి. అయితే ఆడా మగా ఒకరినొకరు పట్టుకుని తిరగడం అప్పటి పెద్దలకు మింగుడు పడలేదు. 1816లో లండన్‌లో ప్రిన్స్ రీజెంట్ ఇచ్చిన నాట్యవిందులో వాల్ట్జ్ చేశారని టైమ్స్ పత్రిక మండిపడుతూ రాసింది. ‘మా పిల్లలు ప్రామ్‌కు వెళ్తామంటున్నారు, ఏం చెయ్యాలి’ అని ఫోన్లు చేసుకునే మన తల్లిదండ్రులకు ఆ బాధ కొత్తదేమీ కాదన్నమాట.

ఇప్పుడు వాల్ట్జ్ పేరుతో రెండు నాట్యాలు ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు మొదట తేల్చుకోవలసింది ఇదే. ఒకటి వియన్నా వాల్ట్జ్. అంతర్జాతీయ పోటీల్లో దీని వేగం నిమిషానికి 58 నుంచి 60 బార్లు. బార్ అంటే మూడు దెబ్బల ఒక ఆవర్తం. అంటే బార్‌కు ఒక సెకను, దెబ్బకు సెకనులో మూడో వంతు. రెండోది నిదానమైన వాల్ట్జ్. పోటీల్లో దీని వేగం నిమిషానికి 28 నుంచి 30 బార్లు. బార్‌కు రెండు సెకన్లు, దెబ్బకు సెకనులో మూడింట రెండు వంతులు. ఇది బోస్టన్ అనే నిదానపు నాట్యం ప్రభావంతో 1920ల నాటికి ఇంగ్లండ్‌లో ఈనాటి రూపం దిద్దుకుంది. పెళ్ళి రిసెప్షన్‌కు పనికొచ్చేది ఈ నిదానం వాల్ట్జే. ఇక్కడ మేము చెప్పేదంతా దాని గురించే.

ఇంగ్లండ్‌లో విక్టర్ సిల్వెస్టర్ అని ఒకాయన 1922లో ప్రపంచ బాల్‌రూమ్ పోటీ గెలిచాడు. తర్వాత నాట్యం నేర్పుతూ, నాట్యానికి సరిపోయే వేగం నిలకడగా ఉండే రికార్డులు దొరకడం లేదని 1935లో సొంతంగా ఆర్కెస్ట్రా పెట్టాడు. పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంలో నడిచే ఆ రికార్డులతో ఇంట్లో సాధన చెయ్యడం మామూలు జనానికి వీలైంది. ఒక డాన్సర్ రికార్డుల వ్యాపారంలోకి దిగాల్సి వచ్చిందంటే కాలం నిలకడ ఎంత పెద్ద సమస్యో ఊహించుకోండి. ఇప్పుడు మన ఫోన్‌లోనే మెట్రోనోమ్ ఉంది కనుక ఆ బాధ తీరింది.

టైమింగ్‌లో మొదటి మెట్టు కాళ్ళది కాదు, చెవులది. పాట వింటుంటే ‘ఒకటి’ ఎక్కడ పడుతోందో తెలియాలి. మన సంగీతంలో సమం అంటాము కదా, అదే. మూడు దెబ్బల పాటలు ఎక్కడున్నాయా అని వెతకనక్కర్లేదు. ప్రతి పుట్టినరోజుకూ కేకు ముందు పాడే హ్యాపీ బర్త్‌డే పాట మూడు దెబ్బలదే. అమెరికా జాతీయ గీతం మూడు దెబ్బలదే. బేస్‌బాల్ ఆటలో ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాడే 1908 నాటి పాట కూడా వాల్ట్జే. పిల్లలూ, వచ్చే పుట్టినరోజుకు ఒక పరీక్ష చెయ్యండి. పాటతో పాటు చప్పట్లు కొట్టి, గట్టి దెబ్బ ఎక్కడ పడిందో చూడండి. అది ‘హ్యాపీ’ మీద పడదు, ‘బర్త్’ మీద పడుతుంది. పాట సమానికి ముందే మొదలైపోతుంది. కర్నాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు అతీత గ్రహం అంటే ఏమిటో టీచరుగారు చెప్పే ఉంటారు, ఇది దానికి దగ్గరి చుట్టమే. వాల్ట్జ్ పాటల్లో ఇలాంటివి బోలెడు. పాట వినపడగానే అడుగు వేసేస్తే మొదటి అడుగే తప్పుతుంది. అందుకే అనుభవమున్న జంటలు ఫ్లోర్ మీదికి వెళ్ళాక ఒకటి రెండు బార్లు కదలకుండా నిలబడి, విని, అప్పుడు బయల్దేరుతారు. చూసేవాళ్ళకు అది దర్జాగా కూడా ఉంటుంది.

చెవికి సాధన కావాలంటే రూపక తాళం వెయ్యండి. రెండుసార్లు తట్టి, మూడోసారి చెయ్యి విసిరితే ఒక ఆవర్తం. కారులో వెళ్తూ ఏ పాట వస్తే దానికి వేసి చూడండి. కుదిరితే మూడు, కుదరకపోతే చాలావరకు నాలుగు. మన పాత తెలుగు సినిమా పాటల్లో తిశ్రగతివి చాలానే ఉన్నాయి కాబట్టి ఈ ఆటకు సరుకు కరువు కాదు. వెనక సీట్లో పిల్లలు ఉంటే మనకంటే ముందు చెప్పేస్తారు.

ఇక అడుగులు. బాక్స్ అంటారు, ఎందుకంటే పాదాలు నేల మీద చతురస్రం గీస్తాయి. నడిపించేవారు ఎడమ కాలు ముందుకు, కుడి కాలు పక్కకు, ఎడమ కాలు తెచ్చి కుడి పక్కన చేర్చాలి. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ కుడి కాలు వెనక్కి, ఎడమ కాలు పక్కకు, కుడి కాలు చేర్చాలి. ఒకటి, రెండు, మూడు. ఎదుటివారు దీనికి అద్దంలో బొమ్మలా చేస్తారు, కుడి కాలు వెనక్కి వేసి మొదలుపెడతారు. రెండు బార్లు, ఆరు అడుగులు, ఒక బాక్స్. పది నిమిషాల్లో అందరికీ వస్తుంది.

దీని మీద ఎత్తుపల్లాలు ఉంటాయి. వాల్ట్జ్ చూసినప్పుడు అల లేచి పడినట్టు అనిపించేది ఇందువల్లే. మొదటి అడుగు మోకాలు కాస్త వంచి, ముందుకైతే మడమ ఆనించి, కింద ఉండి వేస్తాము. ‘ఒకటి’ అయిపోతుండగా లేవడం మొదలుపెడతాము. రెండులో ముని పాదం మీద ఇంకా లేస్తాము. మూడులో కాళ్ళు చేరేసరికి అందరికంటే ఎత్తున ఉంటాము. మూడు ముగుస్తుండగా మడమ నేలకు దించి, మోకాలు వంచి, మళ్ళీ కిందికి వస్తాము. వెనక్కి వేసే అడుగులో మాత్రం చిన్న తేడా ఉంది. ఆ మడమ తొందరగా లేపకూడదు, తర్వాతి పాదం మీదికి బరువు వెళ్ళేదాకా నేల మీదే ఉంచాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. కొత్తవాళ్ళందరిలోనూ కనిపించే ఒకే ఒక్క జబ్బు ఏమిటంటే, మూడు పూర్తి కాకుండానే మళ్ళీ ‘ఒకటి’ వేసేయడం. ప్రతి బార్‌లోనూ ఇంత కాలం కొట్టేస్తే నాలుగైదు బార్లకు పాట ఒకచోట, మనం ఒకచోట. అప్పుడు ఆగి, తడబడి, మళ్ళీ అందుకుంటారు. చూసేవాళ్ళు ‘వీళ్ళకు తాళజ్ఞానం లేదు’ అనుకుంటారు. కాదండీ. మా క్లాసులో మృదంగం నేర్చుకున్న కుర్రాడు కూడా ఉన్నాడు. కూర్చుని తాళం వెయ్యమంటే రాయిలా వేస్తాడు. లేచి బాక్స్ వేస్తే వాడూ ముందుకు పరుగే. తప్పు చెవిది కాదు.

కారణం భౌతికశాస్త్రంలో ఉంది. మూడో దెబ్బకు మనం ఎలా ఉన్నాము? రెండు కాళ్ళూ దగ్గరగా, ముని పాదాల మీద, ఎత్తుగా. చిన్నప్పుడు అరచేతిలో చీపురు కట్టను నిలబెట్టి ఆడేవాళ్ళం గుర్తుందా? అచ్చం అలా. ఆధారం చిన్నది, బరువు పైన ఉంది. అక్కడి నుంచి ముందుకు వెళ్ళాలని ఒళ్ళు అనుకుంటే చాలు, పడిపోవడం మొదలవుతుంది. పడేదానికి పాటతో పని లేదు, గురుత్వాకర్షణకు దాని కాలం దానికుంటుంది. ఒకసారి బరువు పాదం దాటి ముందుకు పోయిందంటే, ముక్కు పగలకుండా ఇంకో కాలు వేసి తీరాలి. అలా వేసిన కాలు అడుగు కాదు, పడకుండా వేసుకున్న ఊతం. కనుక కొత్తవాళ్ళు ‘ఒకటి’ని ముందే వెయ్యడం లేదు, ముందే పడుతున్నారు. ‘నెమ్మదిగా, నెమ్మదిగా’ అని ఎంత అరిచినా ఇందుకే ఫలితం ఉండదు. పడేవాణ్ణి నెమ్మదిగా పడమంటే ఎలా?

దీనికి మందు ఒకటే. వెళ్ళాల్సిన కాలు కదలక ముందు నిలబడిన కాలి మడమ దిగాలి, మోకాలు వంగాలి. ఆ మోకాలే బ్రేకు. అది వంగుతున్నంతసేపూ బరువు ఆ పాదం మీదే ఉంటుంది. వంగడం పూర్తయ్యాక, దెబ్బ పడే సమయానికి, ఆ కాలే నేలను నెట్టి మనల్ని పంపుతుంది. పడటం వేరు, పంపించడం వేరు. పంపేది మనం కాబట్టి ఎప్పుడు పంపాలో కూడా మన చేతిలోనే ఉంటుంది. టైమింగూ కంట్రోలూ కలిసే చోటు ఉందన్నామే, అది ఇదే: మూడో దెబ్బ చివరి భాగం.

ఆ చివరి భాగాన్ని పట్టుకోవడానికి ఇంగ్లీషులో లెక్కపెట్టేవాళ్ళకు చిన్న చిక్కుంది. వాళ్ళ ‘త్రీ’ ఒకే అక్షరం. అందులో దిగడానికి చోటు లేదు. అందుకని చాలామంది టీచర్లు త్రీ తర్వాత ‘అండ్’ అని ఒకటి తగిలిస్తారు. మనకు ఆ అవసరం లేదు. మన పెద్ద తరగతుల పిల్లలు లఘువు గురువు నేర్చుకున్నారు కదా, వాళ్ళు ఒక కాగితం మీద లెక్క వేసి చూడండి. ఒకటి: మూడు లఘువులు, మూడు మాత్రలు. రెండు: సున్న ఉంది కాబట్టి ‘రెం’ గురువు, ‘డు’ లఘువు, మూడు మాత్రలు. మూడు: ‘మూ’ గురువు, ‘డు’ లఘువు, మళ్ళీ మూడు మాత్రలే. మూడు అంకెలూ తూకం వేసినట్టు సమానం! రగడల పాఠంలో తురగవల్గన అని గుర్రం గంతుల పేరుతో ఒకటి వస్తుంది. అది నడిచేదీ మూడు మాత్రల గణాలతోనే.

కనుక ‘ఒకటి, రెండు, మూడు’ అని తెలుగులో నిండుగా పలుకుతూ వాల్ట్జ్ చెయ్యండి. నిమిషానికి 30 బార్ల పాటలో దెబ్బకు 0.67 సెకను, మాత్రకు సుమారు 0.22 సెకను. ‘ఒక’ అంటున్నప్పుడు కింద, అడుగు పడుతుంది. ‘టి’ దగ్గర లేవడం మొదలు. ‘రెండు’ అంతా పైకి. ‘మూ’ అంటే కాళ్ళు చేరి శిఖరం మీద ఉన్నాము. ‘డు’ అంటే మడమ దిగాలి, మోకాలు వంగాలి. వెళ్ళే కాలు ‘డు’ అయ్యేదాకా కదలకూడదు. క్లాసులో ఈ లెక్క మొదలుపెట్టిన వారం నుంచి మాలో మాకు అదే పరిభాష అయిపోయింది. ‘ఏమండీ, ఇంకా డు రాలేదండీ’ అని ఒకావిడ మెల్లిగా హెచ్చరిస్తే, ‘అంకుల్, మీరు మూ లోనే వెళ్ళిపోతున్నారు’ అని పదో తరగతి పిల్ల ఇంకొకాయనకు చెప్పేది. డెబ్బై దాటిన మా అమెరికన్ టీచరమ్మకు కూడా నేర్పించాము. ఆవిడ ‘మూడూ’ అని సాగదీస్తే మాత్రం నాలుగు మాత్రలవుతాయి, అది వేరే సంగతి.

ఒక జాగ్రత్త. బాక్స్‌లో ఆరు అడుగులున్నాయని ఆరు దాకా లెక్కపెట్టకండి. ‘నాలుగు’కు నాలుగు మాత్రలు, అక్కడ తూకం చెడుతుంది. మూడు దాకా వెళ్ళి మళ్ళీ ఒకటికి రండి. వియన్నా వాల్ట్జ్ వేగానికి ఈ లెక్క నోరు తిరగదు. దానికి దెబ్బకు ఒక్కో అక్షరంగా ‘తకిట’ అనుకోవడమే నయం. ఆ వియన్నా వాళ్ళ తీరే వేరు. అక్కడి వాద్యబృందాలు రెండో దెబ్బను కాస్త ముందుకు లాగి వాయిస్తాయి. యోహాన్ స్ట్రాస్ 1867లో ఇచ్చిన బ్లూ డాన్యూబ్‌ను వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాళ్ళు జనవరి ఒకటిన వాయిస్తారు, టీవీలో విని చూడండి. మెట్రోనోమ్‌కు అది దొరకదు. మనం మొదట తిన్నగా నేర్చుకుందాము, వంకరలు తర్వాత.

ఇంట్లో సాధన గురించి. మేము చేసినవాటిలో బాగా పనిచేసినవి చెప్తాము. మొదటిది, వంటింటి కౌంటర్ పక్కన. రెండు వేళ్ళు కౌంటర్ మీద ఆనించి, ఒక్క కాలి మీద నిలబడి, ముని పాదం మీదికి లేవండి. ‘మూ’ అని పైన ఉండి, ‘డు’ అని మడమ దించి మోకాలు వంచండి. రెండో కాలు గాలిలో ఊరికే ఉంటుంది, దానికి పని లేదు. కాలికి పదిసార్లు, పప్పు ఉడికేలోపు అయిపోతుంది. మొదట్లో మడమ దబ్బున పడుతుంది. చప్పుడు లేకుండా దించగలిగిన రోజు మీకు బ్రేకు వచ్చినట్టే.

రెండోది మెట్రోనోమ్. 90తో మొదలుపెట్టకండి, 60 పెట్టండి, దెబ్బకు ఒక సెకను. నెమ్మదిగా కాబట్టి సులువు అనుకుంటారు. కానే కాదు. మన స్కూళ్ళలో స్లో సైకిల్ పోటీ ఉండేది, గుర్తుందా? కాలు కింద పెట్టకుండా అందరికంటే వెనక వచ్చినవాడికి బహుమతి. వేగంగా తొక్కేవాళ్ళంతా అందులో మొదటి పది గజాల్లోనే పడిపోయేవాళ్ళు. వేగం మన లోపాలను దాచిపెడుతుంది, నిదానం బయటపెడుతుంది. 60లో బాక్స్ వెయ్యగలిగితే 72కు వెళ్ళండి, తర్వాత 84, ఆ తర్వాత 90. ఒక వారంలో ఒక మెట్టు చాలు.

మూడోది పిల్లలకు పండగ. స్టాచ్యూ ఆట. ఫోన్ వాళ్ళ చేతికిచ్చి, పాట నడుస్తుండగా ఇష్టం వచ్చినప్పుడు ఆపమనండి. పాట ఆగగానే మీరు ఎక్కడున్నారో అక్కడే నిలబడాలి. పాదం జరక్కుండా నిలబడగలిగితే ఆ క్షణంలో మీ బరువు మీ దగ్గరే ఉంది. ఇంకో అడుగు వేస్తే గానీ ఆగలేకపోయారంటే పడుతున్నారన్నమాట. పిల్లలు తెలివైనవాళ్ళు, రెండు రౌండ్లు కాగానే ఎప్పుడూ మూడు చివరే ఆపుతారు.

నాలుగోది హెజిటేషన్. ఒక బార్ బాక్స్ వేసి, తర్వాతి బార్‌లో ‘ఒకటి’కి ఒక్క అడుగు వేసి మిగతా రెండు దెబ్బలూ అక్కడే ఉండిపోవాలి. ఊరికే నిలబడటం కాదు, నిదానంగా లేచి, ‘డు’కు దిగాలి. దీనికో లాభం ఉంది. పాటతో తేడా వచ్చిందనిపిస్తే ఫ్లోర్ మీద ఇదే మీకు దిక్కు. ఆగినట్టు ఎవరికీ తెలియకుండా ఆగి, సమం విని, మళ్ళీ బయల్దేరవచ్చు.

కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే మన పిల్లల గురించి ఒక్క మాట. వాళ్ళకు తకిటలు, మూడు కాలాలు కొత్త కాదు. అరమండి వల్ల తొడల్లో బలం ఉంటుంది. అయినా మొదటి రెండు మూడు వారాలు వాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. మన నాట్యంలో పాదం తాళాన్ని పలికించాలి. దెబ్బ పడే క్షణానికి పాదం నేలను తాకి చప్పుడు చెయ్యాలి, గజ్జెలు దానికే కదా. వాల్ట్జ్‌లో పాదం మూగది. దెబ్బకు పాదం చేరుతుంది, తర్వాత బరువు దాని మీదుగా సాగుతూ దెబ్బంతా నిండుతుంది. ఒకచోట దెబ్బ అంటే చుక్క, ఇంకొకచోట గీత. గజ్జెలు కట్టుకున్నా మోగకుండా నడవండి అని ఒక పిల్లకు చెప్తే అప్పుడు పట్టుకుంది. అరమండిలో మోకాళ్ళు పక్కలకు తెరుచుకుంటాయి, ఇక్కడ పాదం ఎటు చూస్తే మోకాలు అటే వంగాలి. ఆ తేడా కూడా మొదటి రోజే చెప్పడం మంచిది.

ఇద్దరూ కలిసి చేసేటప్పుడు ‘డు’కు ఇంకో ఉపయోగం ఉంది. ఎదుటివారికి కబురు అందేది అక్కడే. నడిపించేవారు మోకాలు వంచి దిగితే, వీపు మీద ఉన్న చెయ్యి ద్వారా, ఒంటి ద్వారా ఆ దిగడం అవతలివారికి తెలుస్తుంది. ‘ఇప్పుడు వెళ్ళబోతున్నాము’ అని. వాళ్ళూ దిగుతారు, కాలు సిద్ధం చేసుకుంటారు. దిగకుండా నేరుగా అడుగు వేస్తే ఆ కబురు అందదు. అవతలి కాలు ఇంకా అక్కడే ఉంటుంది, తొక్కేస్తారు. కాళ్ళు తొక్కడం కాళ్ళ తప్పు కాదు, నూటికి తొంభై పాళ్ళు. చేతులతో లాగడం, తొయ్యడం అక్కర్లేదు. మన మగవాళ్ళకు ఇది నచ్చజెప్పడం కష్టమైంది, కారు స్టీరింగ్ పట్టుకున్నట్టు పట్టుకుంటారు. చేతులు ఆకారం మాత్రం నిలపాలి, నడిపేది మోకాలు. చూపు కింద ఉంచకండి. తల బరువైనది, అది ముందుకు వంగితే బరువంతా ముందుకే పోతుంది, మళ్ళీ పడటమే.

కూతురితో చేసేటప్పుడు ఆ అమ్మాయి లెహంగా వేసుకుని ఉంటుందని మరిచిపోకండి. మీ అడుగు మామూలు నడకలో సగం చాలు. చిన్న అడుగైతే దిగడానికి కాలం కూడా చిక్కుతుంది. మలుపు కావాలంటే బాక్స్‌నే ఎడమకు తిప్పండి. బార్‌కు పావు మలుపు, నాలుగు బార్లకు ఒక చుట్టు. ఫోటోగ్రాఫర్‌కు ఇద్దరి ముఖాలూ దొరుకుతాయి. అందరూ కలిసి చేసే హాల్లోనైతే జంటలు ఫ్లోర్ చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో సాగాలి. గుడిలో ప్రదక్షిణ అలవాటున్న కాళ్ళు రెండో వైపుకు లాగుతాయి, చూసుకోండి.

కార్పెట్ మీద మలుపులు సాధన చెయ్యకండి. పాదం తిరగదు, మోకాలు మెలిపడుతుంది. చెక్క నేల మీద ఉత్త సాక్స్‌తోనూ వద్దు, జారిపడతారు. తోలు అడుగు ఉన్న పాత ఆఫీసు బూట్లు అన్నిటికంటే మేలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎత్తు తగ్గించుకుని, మడమ కొద్దిగా మాత్రమే లేపి చేసుకోవచ్చు. ఎంత లేచారన్నది ఎవరూ చూడరు, ఎప్పుడు దిగారన్నదే కనిపిస్తుంది.

పాట ఎంచుకునేటప్పుడు రూపక తాళం వేసి చూసుకోండి. తండ్రీకూతుళ్ళ పాటలని ఇక్కడ పేరు పడ్డవాటిలో నాలుగు దెబ్బలవి చాలా ఉన్నాయి, వాటికి వాల్ట్జ్ కుదరదు. ఎడెల్‌వైస్, మూన్ రివర్ లాంటివి మూడు దెబ్బలవి. గాయకులను బట్టి వేగం మారుతుంది కాబట్టి, మెట్రోనోమ్‌తో సరిచూసి, ఫలానా రికార్డింగే కావాలని డీజేకు ముందుగా చెప్పండి. మూడు నిమిషాల పాటకు నిమిషానికి 30 చొప్పున 90 బార్లు, అంటే 45 బాక్సులు. అవి వేసేవాళ్ళకూ ఎక్కువే, చూసేవాళ్ళకూ ఎక్కువే. ఒకటిన్నర నిమిషానికి పాట తగ్గించెయ్యమని డీజేతో మాట్లాడుకుంటే 22 బాక్సులతో సరిపోతుంది.